అమ్మ కాలి అచ్చు

ఆ ఎండాకాలం మా అమ్మ తలుపులతో గొడవ పెట్టుకుంది.

ముందు వంటగది తలుపు, తర్వాత పనిగది గుమ్మం. ఆ తర్వాత వీధిలో ఎవరి జోలికీ పోకుండా నిలబడ్డ కరెంటు స్తంభం. ప్రతిసారీ భుజం రుద్దుకుంటూ వచ్చి, "దీన్నిక్కడ ఎవరు పెట్టారే?" అనేది.

"ఆ గుమ్మం నీకంటే ముందొచ్చింది ఈ ఇంటికి," అనేది నానమ్మ. "దానికి సీనియారిటీ ఉంది. నువ్వే సర్దుకుపోవాలి కోడలా."

మాది బూట్లు కుట్టే ఇల్లు. ముందు గది షాపు, మధ్య గదిలో పని, వెనక మేం. బడులు తెరిచే ముందు రెండు నెలలూ మాకు సీజను. ఆ ఏడాది ఒక పెద్ద స్కూలు మొత్తానికీ నల్ల బూట్లు మేమే కుట్టాలి. నాన్న తోలు కోసి, అచ్చుకెక్కించి, అడుగు బిగిస్తాడు. అమ్మ మిషను మీద పైతోలు కుట్టి, తయారైన బూట్లని జతచేసి డబ్బాల్లో పెడుతుంది. నానమ్మ లేసులు ఎక్కిస్తుంది. నేను కంప్యూటర్లు చదువుకున్నదాన్ని కాబట్టి, డబ్బాల మీద సైజు స్టిక్కర్లు అంటించే ఉన్నత పదవి నాది. మిగతా సమయంలో ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేస్తాను. అంటే ఇంకొకళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టుకోవడం నా వృత్తి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వుకోవడానికి పనికొస్తుంది.

పనిగది గోడ నిండా మేకులు, మేకులకి చెక్క పాదాలు. వాటినే అచ్చులంటాం. కొలతిచ్చి కుట్టించుకునే పాత కస్టమర్లందరికీ తలా ఒక జత ఉంటుంది. ఆ చెక్క పాదం మీదే తోలు లాగి బిగించి బూటు తయారుచేస్తారు. మనుషుల కాళ్ళు మారుతుంటాయి. వయసుతో పాదం పరుచుకుంటుంది, ఎక్కడో ఆనె కాస్తుంది. అలాంటప్పుడు కొత్త అచ్చు చెక్కరు. పాతదాని మీదే, కాలు లావైన చోట పల్చటి తోలుపొర అంటించి, గీకి నున్నగా చేస్తారు. పొర అంచున పెన్సిలుతో తేదీ వేస్తారు. ఊళ్ళో ఎవరి కాలు ఎప్పుడు ఎంత పెరిగిందో మా గోడకి తెలుసు.

అమ్మ అచ్చు ఆ గోడ మీద ఉండదు. తలుపు పైన విడిగా వేలాడుతుంది. పెళ్ళైన మొదటి వారంలో నాన్న స్వయంగా కొలిచి చెక్కాడట. "వాడు రాసిన ప్రేమలేఖ అదొక్కటే, అదీ కాలికి రాశాడు," అంటుంది నానమ్మ. ఏటా సీజను అయ్యాక దాని మీద అమ్మకి ఒక కొత్త చెప్పుల జత తయారయ్యేది. కొలత తీసుకోమని అమ్మ ఎప్పుడైనా కాలు చాపితే, "అక్కర్లేదు, నా దగ్గరుంది" అనేవాడు నాన్న.

ఆ సీజను మొదట్లోనే ఒక మధ్యాహ్నం అమ్మ ఫోను పట్టుకుని నా గదికొచ్చింది.

"ఇది నన్ను మర్చిపోయిందే."

ముఖం చూసి తెరుచుకునే ఫోను అది. అమ్మ ఎన్నిసార్లు చూపించినా ఎవరో పరాయివాళ్ళని చూసినట్టు వణికి ఊరుకుంటోంది.

"అద్దం తుడిచావా?"

"తుడిచాను. ముఖం కూడా కడుక్కొచ్చాను."

పాత ముఖం తీసేసి కొత్తగా ఎక్కించాను. ముఖం అటు తిప్పు, ఇటు తిప్పు, కొంచెం పైకి. నిమిషం పని. రెండేళ్ళ కిందట కూడా ఒకసారి ఇలాగే చేశాను. 'కొత్త ముఖం నమోదైంది' అని చూపించింది ఫోను. నేను అమ్మ చేత నాకు థాంక్స్ చెప్పించుకుని మళ్ళీ నా పనిలో పడ్డాను.

అమ్మ గొంతు కూడా కాస్త బొంగురుపోయింది. షాపుకి ఫోను చేసేవాళ్ళు అమ్మని 'సార్' అనడం మొదలుపెట్టి ఏడాదైంది. అమ్మ దిద్దేది కాదు. "సార్ అంటే బేరం తక్కువ ఆడుతున్నారే, ఉండనీ" అనేది. మేమంతా నవ్వేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది.

తలుపుల గొడవ ముదిరాక, అమ్మని కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళాను. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి ఆ కేసు నాకొచ్చింది.

షాపాయన గోడకి అక్షరాల చార్టు పెట్టాడు. అమ్మ పై నుంచి కిందిదాకా గడగడా చదివేసింది. చివరి వరసైపోయాక ఆగలేదు. ఆ కింద, చీమంత అక్షరాల్లో ఉన్న ప్రింటింగు ప్రెస్సు పేరు కూడా చదివి, "ఇదీ చదవాలా?" అంది.

"అమ్మా, ఇరవై ఏళ్ళుగా ఈ గోడకి ఉందిది. అక్కడొక పేరుందని నాకే తెలీదు," అన్నాడాయన. "మీ చూపు నా చూపు కంటే బాగుంది. దగ్గర పనికి ఒక అద్దం రాస్తాను, చాలు."

మా వృత్తి భాషలో దీన్ని 'పాస్' అంటారు. నేను మనసులో ఆ మాట రాసేసి, కేసు మూసేశాను. బయటికొస్తూ అమ్మ ఆ షాపు అద్దాల తలుపు అంచుకి భుజం కొట్టుకుంది.

"చూసుకోండమ్మా," అన్నాడు షాపాయన లోపల్నుంచి.

"ఇప్పుడేగా బాగా చూస్తానన్నారు," అంది అమ్మ.

సీజను సగానికొచ్చాక, మొదటి విడత సరుకులోంచి ముప్ఫై ఒక్క డబ్బాలు తిరిగొచ్చాయి. స్కూలు ఆటోవాడు దింపేసి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయాడు. నాన్న ఒక డబ్బా తెరిచాడు. రెండూ ఎడమకాలివే. ఇంకోటి తెరిచాడు. రెండూ కుడికాలివి.

"ఇద్దరు పిల్లల్ని స్నేహం చేసుకోమంటే సరి," అంది నానమ్మ లేసు ముడేస్తూ.

ఎవరూ నవ్వలేదు. మా షాపులో అంత అవమానం ఎప్పుడూ జరగలేదు. తోలు చీలొచ్చు, కుట్టు ఊడొచ్చు. జత తప్పడమంటే వంటమనిషి పొయ్యి ఎక్కడుందో మర్చిపోవడంలాంటిది.

జతచేసే పద్ధతి అమ్మది. ఎడమవన్నీ ఎడమ పక్క, కుడివన్నీ కుడి పక్క కుప్ప పోసుకుని, మధ్యలో కూర్చుని, తల తిప్పకుండా రెండు చేతులూ చాపి చెరోటి తీసి డబ్బాలో పడేసేది. కుప్పలు జారి కలిసిపోతే ఓరకంట కనిపెట్టి, కాలితోనే విడదీసేది. పాతికేళ్ళుగా ఒక్క జతా తప్పలేదు. చిన్నప్పుడు నాకదొక గారడీలా ఉండేది.

"నిద్రపోతూ చేశావా?" అన్నాడు నాన్న.

"లేదండీ."

"మరి?"

"ఫోనులో పాటలు పెట్టుకుంటుందిగా నాన్నా, ధ్యాస ఎక్కడుంటుంది," అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదికైనా తోద్దామంటే కుదరడం లేదు.

అమ్మ ఒక బూటు చేతిలోకి తీసుకుని లేసు రంధ్రాల మీద బొటనవేలు రాస్తూ కూర్చుంది.

"పక్కనున్నవి కనపడట్లేదండీ," అంది చివరికి.

"అంటే?"

"ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనపడుతుంది. పక్కన... ఏమీ ఉండదు. చీకటి కూడా కాదు. వెనకాల ఏముందో మనకెలా తెలీదో, అలా."

"పక్కకి తిరిగి చూడు మరి," అన్నాడు నాన్న. కోపంగా కాదు. నిజంగానే ఉపాయం చెబుతున్నాడు.

"తిరిగే చూస్తున్నాను. తిరగాలని గుర్తురావాలిగా."

పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నాను. సరుకివ్వడానికి ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి, ఇచ్చాక వెళ్దామంది అమ్మ. నాన్న నా వైపు చూశాడు. ఇంట్లో ఇంజినీరు చెప్పేది చివరి మాట అన్నట్టు.

"మొన్నేగా చెక్ చేయించాం. చూపు బానే ఉందన్నారు. పద్దెనిమిది రోజులకేమవుతుంది," అన్నాను.

నానమ్మ ఒక్కతే అంది, "బూటుకి రేపుంది. కంటికుండదు," అని. నానమ్మ రెండు కళ్ళలోనూ శుక్లాలు. కళ్ళ గురించి ఆవిడ మాట ఎవరు వింటారు?

ఆ పద్దెనిమిది రోజులూ జతచేసే పని నానమ్మ తీసుకుంది. బూటుని ఒళ్ళో పెట్టుకుని, వేలితో లోపలి వంపు తడిమి, "ఇది ఎడమ, ఇది కుడి" అనుకుంటూ పెట్టేది. ఒక్కటీ తప్పలేదు. అమ్మ మిషను మీదే ఉండేది. సూది కింద కుట్టు ఎప్పటిలాగే గీత గీసినట్టు పడేది. కానీ కత్తెర కోసం కోడిలా తలంతా అటు తిప్పి, ఇటు తిప్పి వెతుక్కునేది. మధ్యమధ్యలో నుదుటికి గుడ్డ బిగించి కట్టుకునేది. తలనొప్పా అంటే ఎండ అనేది.

అందులో ఒక రోజు, రాత్రి పన్నెండింటికి నేను మంచినీళ్ళకని వస్తే, నాన్న స్టూలెక్కి తలుపు పైనుంచి అమ్మ అచ్చు దింపుతున్నాడు.

"ఇప్పుడెందుకు నాన్నా? అమ్మ చెప్పులు సీజనయ్యాక కదా?"

"దుమ్ము దులుపుతున్నా," అన్నాడు.

చేతిలో జిగురు డబ్బా ఉంది. చూశాను. ఏమీ అనుకోలేదు.

సరుకు ఆఖరి డబ్బా వెళ్ళిన మర్నాడు ముగ్గురం కళ్ళాసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మకి నా వయసే ఉంటుంది. మళ్ళీ చార్టు. అమ్మ మళ్ళీ కిందిదాకా చదివింది. నేను డాక్టరమ్మ వైపు, చూశారా అన్నట్టు చూశాను.

డాక్టరమ్మ ఒక నల్ల రేకు తీసి అమ్మ ఎడమ కంటికి అడ్డంపెట్టింది. "ఇప్పుడు చదవండి."

అమ్మ మూడు వరసలు చదివి ఆగింది.

"నాలుగోది?"

"మసగ్గా ఉందమ్మా. అక్కడుందని తెలుస్తోంది కానీ."

కళ్ళద్దాలాయన రెండు కళ్ళూ కలిపే చదివించాడు. ఒక్కోటీ విడివిడిగా చూడరా అని నేనడగలేదు. ఏ భాగానికా భాగం విడిగా పరీక్షించాలన్నది నా ఉద్యోగంలో మొదటి రోజు నేర్పే పాఠం.

తర్వాత అమ్మని చీకటి గదిలో ఒక మిషను ముందు కూర్చోబెట్టారు. తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూడాలి. గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ, ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలోని బొత్తాం నొక్కాలి. నేను గోడకానుకుని నిలబడ్డాను. మిషను టిక్కుమంటోంది. అమ్మ బొత్తాం నొక్కుతోంది. టిక్కు, నొక్కు. టిక్కు, నొక్కు. తర్వాత టిక్కు. టిక్కు. టిక్కు. టిక్కు.

నేను లెక్కపెట్టడం మానేశాక అమ్మ గడ్డం తీయకుండానే అంది, "ఏమ్మా, మీ మిషను పాడైనట్టుంది. లైట్లు రావట్లేదు."

ఆ గదిలోని ఆపరేటరమ్మాయి నా వైపు చూసింది. "వస్తున్నాయి, మీరు చూస్తూ ఉండండి ఆంటీ," అంది.

ఫలితం ఒక కాగితం. దాని మీద రెండు గుండ్రాలు, కంటికొకటి. రెక్కల కిటికీలు రెండు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. లోపలి రెక్కలు తెరిచి, బయటి రెక్కలు రెండూ మూసేసినట్టుంది. మూసిన చోటంతా నల్లగా అచ్చైంది.

"కంట్లో లోపం కాదిది," అంది డాక్టరమ్మ. కాగితం వెనకే పెన్నుతో రెండు కళ్ళు గీసి, వాటినుంచి వెనక్కి రెండు గీతలు లాగింది. గీతలు ఒకచోట కత్తెరలా కలిశాయి. "రెండు కళ్ళ నరాలూ మెదడు కింద ఇక్కడ దాటుకుంటాయి. ఆ కిందే బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంటుంది, పిట్యూటరీ అని. దాంట్లో గడ్డ పెరిగితే పైకి పెరిగి, సరిగ్గా ఈ కూడలిని నొక్కుతుంది. ముందు పోయేది పక్కచూపు. ఎదుటి చూపు చాలాకాలం అలాగే ఉంటుంది. అందుకే మనిషికీ తెలీదు, చార్టుకీ తెలీదు."

"గడ్డంటే..." అన్నాడు నాన్న.

"సాధారణంగా క్యాన్సర్ కాదు. స్కాన్ తీస్తే తెలుస్తుంది, ఇవాళే తీయిద్దాం." ఆవిడ అమ్మ చేతులు అందుకుని తిప్పి చూసింది. "ఉంగరాలు పెట్టుకోరా?"

"తీసేసి మూడేళ్ళైంది. మిషను పనికి అడ్డమని బొత్తాల డబ్బాలో పడేశా."

"అడ్డమా, బిగుతా?"

అమ్మ ఆలోచించింది. "సబ్బు రాసి తీశానమ్మా."

"గొంతు మారిందా? ముక్కు, దవడ పెరిగినట్టు ఎవరైనా అన్నారా? ఆ గ్రంథి ఎదుగుదలకి మందులాంటిది తయారుచేస్తుంది. గడ్డ దాన్ని ఎక్కువ తయారుచేస్తే, ఈ వయసులో ఎత్తు పెరగరు కానీ చేతులూ, పాదాలూ, ముఖమూ పెరుగుతాయి. చెప్పుల సైజు మారిందా ఈ మధ్య?"

"లేదమ్మా," అంది అమ్మ కాస్త గర్వంగా. "మా ఆయనే కుడతారు. పాతికేళ్ళుగా ఒకటే అచ్చు. ఒకసారెప్పుడో బిగుతుగా ఉందంటే సరిచేశారు. మళ్ళీ ఇబ్బంది లేదు."

"సరిచేశారా?" అని డాక్టరమ్మ నాన్న వైపు తిరిగింది.

నాన్న నేల చూస్తూ, "కొంచెం," అన్నాడు.

స్కాన్‌లో పెద్ద ఉసిరికాయంత గడ్డ కనపడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నేను అమ్మ ఫోను తీసి, పాత ఫొటోలు ఒక్కొక్కటీ వెనక్కి జరుపుకుంటూ పోయాను. రోజూ చూసే ముఖం. ఒక నెలకీ ఇంకో నెలకీ తేడా లేదు. అయిదేళ్ళ కిందటి ఫొటో దగ్గర ఆగాను. అందులో ఉన్నావిడ మా అమ్మకి చెల్లెలిలా ఉంది. ఫోను రెండుసార్లు నాతో చెప్పింది, ఈవిడ ఆవిడ కాదని. రెండుసార్లూ నేను ఫోనునే సరిచేశాను.

వారానికి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసే డాక్టర్ పిలిచాడు. నెరిసిన జుట్టు, నిదానంగా మాట్లాడే మనిషి. స్కాన్ ఫిలిం వెలుగుకి పెట్టి చూశాడు. కంటి నరం అప్పటికే పాలిపోయిందని కళ్ళ డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చదివాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలండీ," అంది అమ్మ. "ఈ ఎండాకాలం మొదట్నుంచి."

"కనపడకపోవడం కాదమ్మా. ఒంట్లో మార్పు."

అమ్మ నా వైపు చూసింది. నేను ఫోను సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా నాన్న కుర్చీ పక్కనున్న సంచిలోంచి గుడ్డ మూటొకటి తీసి బల్ల మీద పెట్టి విప్పాడు. అమ్మ అచ్చు.

అంత దగ్గరగా, అంత వెలుతుర్లో నేను దాన్నెప్పుడూ చూడలేదు. చెక్క పాదం చుట్టూ వేళ్ళ దగ్గర, మడమ దగ్గర తోలు పొరలు. ఒకదాని మీద ఒకటి, నున్నగా, పక్కనుంచి చూస్తే పుస్తకం అంచులా. ఒక్కో పొర అంచున పెన్సిలుతో సన్నగా తేదీ.

"మొదటిది నాలుగేళ్ళ కిందటిదండీ," అన్నాడు నాన్న. "బిగుతుగా ఉందని అప్పుడొక్కసారే చెప్పింది. అప్పట్నుంచీ పాత జత చూసుకుని నేనే వేస్తున్నా. ఏడాదికొకటి. ఇది అయిదోది, మొన్న వేశా."

డాక్టర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళజోడు పైకి నెట్టి, తేదీలన్నీ వరసగా చదివాడు. ఒక కాగితం మీద రాసుకున్నాడు. "నా దగ్గరికొచ్చేవాళ్ళలో ఎవరికీ ఇంత కచ్చితమైన రికార్డు ఉండదు," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాన్న తల ఊపి, గుడ్డని మళ్ళీ నాలుగు మడతలు పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు మడతలయ్యాక విప్పి మళ్ళీ పెట్టాడు.

నేను డాక్టర్‌ని ఆ పద్దెనిమిది రోజుల గురించి అడిగాను. వెంటనే వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని. ఉండేదనే చెబుతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలాగే చెప్పాలని కోరుకున్నాను. పద్దెనిమిది రోజుల తప్పైతే ఇంట్లో నలుగురం పంచుకోవచ్చు.

"పద్దెనిమిది రోజులు కొద్దిగా," అన్నాడు. "కానీ నరం ఇలా పాలిపోడానికి ఏళ్ళు పడుతుందమ్మా. నొక్కుకుపోయింది తేరుకుంటుంది. ఎండిపోయింది తేరుకోదు. తీశాక గానీ ఏది ఏదో చెప్పలేం."

ఆపరేషన్ ముక్కులోంచి చేస్తామని చెప్పాడు. అమ్మ తన ముక్కు తడుముకుంది.

"దారి కోసమేనేమో, ఆ గడ్డ దీన్ని ముందే వెడల్పు చేసి పెట్టింది," అంది.

బయట వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. అమ్మ మధ్యలో. మేమిద్దరం చెరో పక్కనా ఉన్నాం కాబట్టి ఇద్దరమూ కనపడం. ఆ సంగతి కాసేపటికి గానీ నాకు తట్టలేదు. నాన్న ఒళ్ళో మూట ఉంది.

"నా కొలతే తప్పిందనుకున్నా," అన్నాడు నాన్న. "మొదట చెక్కినప్పుడే పొరపాటు చేశాననుకున్నా. నీకు తెలిస్తే..."

పెళ్ళాం కాలి కొలత తప్పాడని ఊరంతా నవ్వుతుందనుకున్నాడేమో. లేక అమ్మే నవ్వుతుందనుకున్నాడేమో.

అమ్మ కాళ్ళు ముందుకి చాపి, తన చెప్పులు చూసుకుంది.

"అందుకేనా అంత హాయిగా ఉండేవి," అంది.

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాన్న తర్వాత నానమ్మతో అన్నాడట.

ఆపరేషన్ ఉదయం మొదలై మధ్యాహ్నానికి అయింది. గడ్డ చాలావరకు తీశామన్నారు, కొంచెం రక్తనాళం చుట్టూ ఉండిపోయిందన్నారు. ఇంజెక్షన్లు నెలనెలా పడాలి. పదో రోజున మళ్ళీ ఆ చీకటి గది, ఆ తెల్లగిన్నె, ఆ బొత్తాం. ఈసారి ఒక్కో కంటి పరీక్షనీ నేను గోడకానుకుని విడివిడిగా విన్నాను. ఎడమ కంటికి మధ్యమధ్యలో ఆగినా, నొక్కు వినపడింది. మూసిన రెక్క సగం దాకా తెరుచుకుంది. కుడి కంటికి మిషను టిక్కులే. ఈసారి మిషను పాడైందని అమ్మ అనలేదు.

ఇంకో పరీక్ష ఆరు నెలలకి అన్నారు. కుడి కన్ను మీద ఆశ పెట్టుకోవద్దన్నారు, మర్యాదగా, అటు తిప్పీ ఇటు తిప్పీ.

బడులు తెరిచారు. పొద్దున్నే మా వీధి నిండా మేం కుట్టిన నల్ల బూట్లు టకటకలాడుతూ పోయేవి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని వినేది. "ఆ పిల్లకి బూటు వదులైంది, మడమ కొట్టుకుంటోంది" అనేది. కిటికీలోంచి చూస్తే నిజంగానే ఒక పిల్ల కాలు ఈడ్చుకుంటూ పోతుండేది.

మిషను మీద గుడ్డ కప్పేశారు. కుట్టు పని బయటికిస్తున్నాడు నాన్న. అమ్మ నానమ్మ పక్కన పీట వేసుకుని లేసులు ఎక్కిస్తోంది. మొదటి రోజు ఒక బూటుకి రెండు రంధ్రాలు వదిలేస్తే, నానమ్మ వేలితో తడిమి పట్టేసింది.

"ఇక్కడ నాకు సీనియారిటీ," అంది. "చూసి నేర్చుకో." తర్వాత కాసేపు లేసు నోట్లో పెట్టుకుని తడుపుతూ ఉండిపోయింది. కోడలి వైపు మాత్రం తిరగలేదు.

అమ్మ ఫోనుకి నేను ముఖం మళ్ళీ ఎక్కించలేదు. నాలుగంకెలు పెట్టాను. అవి నొక్కడానికి అమ్మకి కాస్త టైం పడుతుంది. పట్టనీ.

చెప్పుల సంగతి అమ్మే ఎత్తింది. వాపు తగ్గుతుందని డాక్టర్ ముందే చెప్పాడు. ఎముక పెరిగింది మటుకు పోదు, పైన పట్టిన నీరూ కండా కొంత దిగుతాయి అని. ఒక మధ్యాహ్నం పనిగదిలోకొస్తూ గుమ్మం దగ్గర ఆగి, చెయ్యి చాపి చట్రం తడిమి, దాటి, "వదులుగా ఉన్నాయండీ" అంది.

నాన్న తల ఎత్తాడు. స్టూలు లాక్కుని తలుపు పైనున్న అచ్చు దింపాడు. కత్తి మొనతో పై పొర అంచు లేపి ఊడదీశాడు. అది ఈ ఎండాకాలం తేదీ వేసిన పొర. దాని కిందిది కూడా లేపబోయి, ఎంతవరకు తీయాలో తెలియక ఆగాడు. అచ్చు వైపు చూశాడు, అమ్మ కాళ్ళ వైపు చూశాడు. అచ్చుని బల్ల మీద పక్కన పెట్టేశాడు.

ఖాకీ కాగితం ఒక బారెడు చింపి నేల మీద పరిచాడు. చెవి మీది పెన్సిలు తీశాడు.

"కాలు పెట్టు."

"ఎందుకు? కొలత మీ దగ్గరుందిగా."

"లేదు," అన్నాడు నాన్న.

నేను స్టిక్కర్ల కట్ట పట్టుకుని గోడ దగ్గరే ఉండిపోయాను. అమ్మ నా భుజం తడిమి పట్టుకుని, చెప్పు విడిచి, కుడికాలు కాగితం మీద పెట్టింది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, మడమ దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పెన్సిలు చుట్టూ తిప్పుతున్నాడు. అమ్మ కిందికి వంగి చూస్తోంది. పెన్సిలు చిటికెనవేలి వైపు వెళ్ళింది.

"కనపడుతోందా?" అన్నాడు నాన్న తల ఎత్తకుండా.

"లేదు," అంది అమ్మ. "చక్కిలిగిలి పుడుతోంది. గియ్యండి."